లింఫోసైటు దగ్గర నేను చేసిన రెండు తప్పులు

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరిన మా తమ్ముడి మనవరాలు పోయిన నెల నన్నొక ప్రశ్న అడిగింది. "తాతా, ఇప్పుడన్నీ మిషనే లెక్కబెడతా ఉండాది. నువ్వు అన్నేండ్లు ఆ మైక్రోస్కోపులో ఏం చూస్తా కూర్చున్నావు?"

నవ్వి ఊరుకున్నాను. చూసినదానికంటే భయపడింది ఎక్కువని ఆ పిల్లకు ఎలా చెప్పను? తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబులో, కిటికీ పక్కన, ఒకే స్టూలు మీద నా ఉద్యోగమంతా గడిచిపోయింది. ప్రమోషన్లు వచ్చాయి, బదిలీలు తప్పాయి. అవి ఎవరికీ పనికొచ్చే సంగతులు కావు. పనికొచ్చేవి నా తప్పులు. వాటిలో రెండింటిని ఇక్కడ రాస్తున్నాను. రెండూ ఒకే కణం దగ్గర జరిగాయి. రెండోది మొదటిదాని కడుపున పుట్టింది.

మా నాయన గుడి కైంకర్యంలో ఉండేవాడు. నేను నెత్తురు ముట్టుకునే ఉద్యోగంలో చేరానని ఆయనకు కొన్నాళ్ళు మనసు కష్టపడింది. "చేసే పనిలో అపచారం జరక్కుండా చూసుకో, చాలు" అని ఒకే మాట అన్నాడు. ఆయన అన్నది మడి గురించి. నాకు మాత్రం ఆ మాట వేరే విధంగా గుర్తుండిపోయింది.

ఆ కణం

వేలికొసను సూదితో పొడిచి, ఒక చుక్కను గాజుపలక మీద పలచగా లాగి, ఆరబెట్టి, రంగు వేసి చూస్తే ఎర్రకణాల మధ్య అక్కడక్కడా తెల్లకణాలు కనిపిస్తాయి. వాటిలో చిన్నది లింఫోసైటు. ముదురు ఊదారంగు గుండ్రటి కేంద్రకం, దాని చుట్టూ సన్నటి లేతనీలం అంచు. చూడటానికి ఏమీ ఉండదు. వంటికి కాపలా కాసేది అదే. బయటినుంచి ఏది వచ్చినా గుర్తుపట్టి, అవసరమైతే పెరిగి పెద్దదై పోరాడుతుంది.

ఈ కాపలాదారు రెండు రకాలుగా దారి తప్పుతుంది. ఒక జబ్బులో తన వంటినే పరాయిదనుకుని దాని మీద పడుతుంది. కీళ్ళు, చర్మం, మూత్రపిండాలు, దేన్నీ వదలదు. ఇంకో జబ్బులో ఆగడం మరిచిపోయి పెరుగుతూనే పోతుంది, అది క్యాన్సర్. మొదటిదానికి ఒక మందు, రెండోదానికి ఇంకో దారి. రెండూ కాకుండా, మామూలు వైరస్ జ్వరానికి కూడా లింఫోసైటు ఉబ్బి, వికారంగా తయారై భయపెడుతుంది. ఈ మూడింటిలో ఏదో తేల్చుకోవడానికి డెబ్భైల్లో మా దగ్గర ఉన్నవి ఒక మైక్రోస్కోపు, రెండు రంగు సీసాలు, మా కళ్ళు. అంతే.

నగరి నుంచి వచ్చిన బుడ్డి

డెబ్భైల మధ్యలో ఒక ఎండాకాలం. మా పెథాలజిస్టు డాక్టర్ మునిరత్నం సారు సొంత పనిమీద వారం రోజులు మద్రాసు వెళ్ళారు. కఠినమైన మనిషి. స్లైడు మీద వేలిముద్ర కనిపిస్తే మాట్లాడకుండా తీసి చెత్తబుట్టలో పడేసేవారు. అలాంటి మనిషి లేని వారం మాకు సెలవుల్లాగే ఉండేది.

మధ్యాహ్నం నగరి నుంచి బస్సులో ఒక చిన్న బుడ్డి వచ్చింది. నెత్తురు గడ్డకట్టకుండా ఆక్సలేటు పొడి వేసిన బుడ్డి. దాంతో పాటు అక్కడి డాక్టరమ్మ రాసిన చీటీ: కుప్పమ్మ, ఇరవై నాలుగేళ్ళు, మూడో నెల గర్భం, నెలన్నరగా జ్వరం, మెడలో గడ్డలు, పాలిపోయి ఉంది, బ్లడ్ క్యాన్సర్ అనుమానం, వెంటనే చెప్పండి.

పొద్దున ఎప్పుడు తీశారో తెలియదు. ఎండలో బస్సులో ఊగుతూ వచ్చిన నెత్తురు అది. అలా నిలవున్న నెత్తురులో లింఫోసైట్ల ఆకారం మారిపోతుందని నేను చదువుకున్నాను. తెలుసు. అయినా పలక మీద లాగాను. ఆ రోజు మా డిస్టిల్డ్ వాటర్ యంత్రం చెడిపోయి ఉంది. రంగు కలపడానికి కుళాయి నీళ్ళు వాడాను. మా ఊరి నీళ్ళు ఎంత గడుసువో పప్పు ఉడకబెట్టే ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. ఆ నీళ్ళతో రంగు వేస్తే ప్రతి కణమూ ఉండాల్సినదానికంటే నీలంగా తేలుతుంది. అదీ తెలుసు.

చూస్తే తెల్లకణాలు చాలా తక్కువగా ఉన్నాయి. ఎక్కడున్నాయా అని వెతుక్కుంటూ పలక చివరి అంచు దాకా పోయాను. అక్కడ పెద్దపెద్ద లింఫోసైట్లు కనిపించాయి. నీలం ముదిరి, కేంద్రకంలో మచ్చల్లాంటివి. లుకేమియాలో కనిపించే పసి కణాలు పుస్తకంలో సరిగ్గా ఇలాగే ఉంటాయి.

ఇప్పుడు నిజాయితీగా చెబుతాను. ఆ నిమిషంలో నాకు కలిగింది భయం ఒక్కటే కాదు, గర్వం కూడా. సారు లేనప్పుడు నేను కనిపెట్టాను! పలక చివర కణాలు నలిగి, పరుచుకుని, ఉన్నదానికంటే పెద్దవిగా కనిపిస్తాయని సారు నాకు కనీసం ఇరవైసార్లు చెప్పి ఉంటారు. ఆ మాట గుర్తు రాలేదు. చీటీలో అనుమానం అని రాసి ఉండడంతో నా కళ్ళు దాన్నే వెతికాయి.

'పసి కణాలు కనిపిస్తున్నాయి, లుకేమియా అనుమానించవలసి ఉంది' అని రాసి, తాత్కాలికం అనే మాట చేర్చి, సంతకం పెట్టి, సాయంత్రం బస్సులోనే పంపేశాను. ఇలాంటి విషయంలో తాత్కాలికం అనే మాటకు విలువ లేదని అప్పటికి తెలియదు. క్యాన్సర్ అనే మాట పక్కన రాసిన ఇంకే మాటనూ ఎవరూ చదవరు.

సారు తిరిగి వచ్చిన రోజు

నాలుగు రోజుల తర్వాత సారు వచ్చారు. రాగానే తను లేనప్పటి స్లైడ్లన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే చూడటం ఆయన అలవాటు. నేను నగరి స్లైడును కావాలనే పైన పెట్టాను. మెచ్చుకుంటారని.

చూశారు. తల ఎత్తలేదు. పలకను అటూ ఇటూ కదిపి మళ్ళీ చూశారు.

"వరదాచారీ, ఈ స్లైడుకు రంగేసింది ఎవరు?"

"నేనే సార్."

"ఏ నీళ్ళు?"

చెప్పాను. ఆయన మైక్రోస్కోపు నుంచి వెనక్కి జరిగి, కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు. "నెత్తురు తీసి ఎంత సేపైంది?"

"తెలీదు సార్."

"చీటీలో కీళ్ళ నొప్పులుండాయా లేదా రాయలేదు. మొగం మీద ఎరుపుందా అని అడిగినావా?"

"లేదు సార్."

"ఇవి పసి కణాలు కాదప్పా. ఒళ్ళు దేనితోనో కొట్లాడతా ఉంటే ఉబ్బిన లింఫోసైట్లు. నాకు వేరే అనుమానం ఉండాది. రిపోర్టు పోయిందా?"

తల ఊపాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చీటీని మళ్ళీ చదివి, 'మూడో నెల' అన్న చోట వేలు పెట్టి ఆగిపోయారు. అంతవరకూ ఆ మాట నాకు తట్టనే లేదు. లుకేమియా అని తేలితే ఏ డాక్టరైనా మొదట ఏం చేస్తాడో అప్పుడు తెలిసొచ్చింది.

నగరికి ట్రంక్ కాల్ బుక్ చేశాం. ఆ డాక్టరమ్మ ఇంట్లో ఫోను లేదు. పక్కనున్న ఒక కొట్టు నంబరు ఉంది, లైను కలవలేదు. "పొద్దన్నే మొదటి బస్సుకు నువ్వే పో," అన్నారు సారు. "కొత్తగా నెత్తురు తీసుకురా. బుడ్డిలో వద్దు. వేలి నుంచి నేరుగా పలక మీద లాగు. ఇంకో గాజు ట్యూబులో ఊరికే తీసుకో, గడ్డ కట్టనీ. దాన్ని చల్లబడనీయొద్దు."

నగరిలో

పుత్తూరు మీదుగా పోయే ఆ బస్సులో నేను చేసిన ప్రయాణం ఇప్పటికీ మరిచిపోలేదు. ప్రతి స్టాపులో ఆగడం, కూరగాయల గంపలు ఎక్కించడం, డ్రైవరు దిగి టీ తాగడం. దిగి తోసుకుంటూ పోదామా అన్నంత ఆత్రం. నాలుగు రోజులే కదా, ఎవరూ అంత తొందరపడరులే అని ఒకసారి అనుకునేవాణ్ణి. వెంటనే, చీటీలో 'వెంటనే' అని రాసిందని గుర్తొచ్చేది.

డాక్టరమ్మ మంచి మనిషి. నేనెవరో చెప్పగానే కుర్చీ వేసింది. నేను కూర్చోకుండానే అడిగాను.

"నిన్న పొద్దునే కడుపు తీసేశామండీ," అంది ఆమె. "మీ రిపోర్టు చూశాక మద్రాసు తీసుకుపోండి అని చెప్పాను. ఈ స్థితిలో కడుపుతో అంత దూరం పోయి ఆ మందులు తట్టుకోలేదు కదా. ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు. ఏం, ఇంకేమైనా తేలిందా?"

ఒక్క రోజు. నిన్న పొద్దున సారు ఇంకా మద్రాసు నుంచి వచ్చే రైల్లో ఉన్నారు.

"ఇంకోసారి నెత్తురు చూడాలంట," అన్నాను. సారు రాసిచ్చిన ఉత్తరం చేతికిచ్చాను. ఆమె చదివింది. రెండుసార్లు చదివింది. ముఖం తెల్లబోయింది. లేచి, నన్ను వాళ్ళ ఇంటికి తీసుకుపోయింది.

మగ్గాల వీధి. రెండు వైపులా ప్రతి ఇంట్లో మగ్గం చప్పుడు. ఒక్క ఇంట్లోనే లేదు. గుంటమగ్గంలో కాళ్ళు వేలాడేసుకుని, నేయకుండా ఊరికే కూర్చున్నాడు ఆమె భర్త ఏకాంబరం. ముప్పై ఏళ్ళుంటాయి. మమ్మల్ని చూసి గబుక్కున లేచాడు.

కుప్పమ్మ చాప మీద పడుకుని ఉంది. రెండు బుగ్గలూ, ముక్కు మీదా కలిసిపోయి ఎర్రగా కమిలినట్టుంది. ఎండలో నిలబెట్టిన మనిషిలాగా. చేతివేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. దువ్వెన పక్కన రాలిన వెంట్రుకల ఉండ. వైద్యం చదవని నాకే అది సారు అనుమానించిన ఇంకో జబ్బని అర్థమైపోయింది. ఈ మనిషిని ఒక్కసారి చూసి ఉంటే ఆ రిపోర్టు రాసేవాణ్ణి కాదు.

"సార్, ఎన్ని దినాలుంటాను?" అని అడిగింది కుప్పమ్మ, నేను వేలు తుడుస్తుంటే. ఏడుపు లేదు. మగ్గం మీద చీర ఎప్పటికి దిగుతుందని అడిగినట్టు అడిగింది.

"ఇంకా ఏమీ తేలలేదమ్మా. అందుకే మళ్ళా చూస్తా ఉండాము."

"తేలకనేనా మరి..." అని ఆగి, కడుపు మీద చెయ్యి వేసుకుంది. ఏకాంబరం తల అటు తిప్పుకున్నాడు.

సూది సరిగా దిగలేదు. రెండోసారి పొడవాల్సి వచ్చింది. "ఫర్వాలేదులే సార్," అంది ఆమె.

గడ్డకట్టిన నెత్తురు ట్యూబును గుడ్డలో చుట్టి, చొక్కా లోపల ఒంటికి ఆనించి పెట్టుకుని తిరుపతి వచ్చాను. బస్సులో పక్కాయన "నెప్పా సామీ?" అని అడిగాడు, నేను ఛాతీ పట్టుకుని కూర్చోవడం చూసి.

ఆ గడ్డను సన్న జాలీలో మెదిపి, తిప్పి, తెల్లకణాలను విడదీసి పలక మీద లాగాలి. సారు పక్కనే నిలబడి చేయించారు. గంటసేపు చూశాక దొరికింది: ఒక తెల్లకణం ఇంకో కణపు కేంద్రకాన్ని మింగి, పొగలాంటి ఊదా ఉండను కడుపులో పెట్టుకుని ఉబ్బి ఉంది. తన వంటి మీదే తను పడే ఆ జబ్బు పేరు లూపస్, దానికి గుర్తు అదే. లింఫోసైట్లు తయారుచేసిన విషం ఆ వంటి సొంత కణాల కేంద్రకాల మీదే పని చేస్తోందని దాని అర్థం. వేలి నుంచి నేరుగా లాగిన పలకలో, సరైన నీళ్ళతో రంగు వేశాక, పసి కణం ఒక్కటంటే ఒక్కటీ లేదు.

స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మూడు వారాల్లో జ్వరం దిగింది. నెల తర్వాత కుప్పమ్మ తన కాళ్ళ మీద తను నడిచి మా ఆసుపత్రికి వచ్చింది. ముందనుకున్న జబ్బు కాదు, ఇది వేరే అని డాక్టరమ్మ చెప్పింది. ఎవరి వల్ల ముందు అలా అనుకున్నారో ఎవరూ చెప్పలేదు. ఏకాంబరం తను నేసిన తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీరే ఊరికి వచ్చి నెత్తురు తీసినారు సార్. మీరు రాకుండా ఉంటే మా ఆడదాన్ని మద్రాసులో ఏం జేసేటోళ్ళో!"

తీసుకున్నాను. తీసుకోకపోతే ఎందుకో చెప్పాల్సి వచ్చేది. దాన్ని ఒక్కరోజు కూడా వాడలేదు.

"లూపస్‌లో ఆ కడుపు నిలిచేది కాదేమో అప్పా," అన్నారు సారు ఒకరోజు, నేను అన్నం డబ్బా తెరవకుండా కూర్చుని ఉంటే. "నిలిచినా ఆమెకు గండమే."

కావచ్చు. కానీ అది లూపస్ వల్ల పోలేదు, నా సంతకం వల్ల పోయింది. ఆ తర్వాత ఆమెకు పిల్లలు కలగలేదు.

భయం పట్టుకున్నాక

అప్పటినుంచి నాకు చెయ్యి రాలేదు. అంటే, చెడ్డమాట రాయడానికి చెయ్యి రాలేదు. పెద్ద లింఫోసైటు కనిపిస్తే చాలు, స్లైడును సారు ముందు పెట్టేసి పక్కకు జరిగేవాణ్ణి. ఇంటికి వెళ్ళాక కూడా ఆ రోజు పంపిన రిపోర్టులన్నీ మనసులో మళ్ళీ ఒకసారి చదువుకునేవాణ్ణి. నా భార్య దాన్ని జపం అనుకుని కదిలించేది కాదు.

ఏళ్ళు గడిచాయి. ఎనభైలు వచ్చాయి. లింఫోసైట్లలో టి అని, బి అని రెండు జాతులున్నాయనీ, వాటిని విడిగా లెక్కపెట్టవచ్చనీ తెలిసింది. అది నేర్చుకోవడానికి సారు మూడు నెలలు మద్రాసు వెళ్ళారు. ఆయన స్థానంలో వచ్చిన డాక్టరు నేను ముందు పెట్టిన ప్రతి కాగితం మీదా చూడకుండా సంతకం చేసేవారు. అంటే మళ్ళీ నేనే.

ఆ మొదటి నెలలోనే పాకాల నుంచి చెంగల్రాయుడు అయ్యవారు వచ్చారు. రిటైరైన హెడ్‌మాస్టరు, డెబ్భై దగ్గరపడ్డ మనిషి. కంటి ఆపరేషనుకు ముందు మామూలుగా చేయించే పరీక్ష. ఏ బాధా లేదు. పలక చూస్తే లింఫోసైట్లు ఉండాల్సినదానికి నాలుగైదు రెట్లు. అన్నీ చిన్నవి, ఒకే అచ్చులో పోసినట్టున్నవి. మధ్యమధ్య చితికిపోయిన కణాల మరకలు. ముసలివాళ్ళకు నెమ్మదిగా వచ్చే లింఫోసైట్ల లుకేమియాకు ఇంతకంటే స్పష్టమైన బొమ్మ ఉండదు.

నగరి ఇల్లు కళ్ళ ముందు కనిపించింది. 'లింఫోసైట్లు ఎక్కువగా ఉన్నాయి, ఇన్‌ఫెక్షన్ కావచ్చు, నెల తర్వాత మళ్ళీ చూడాలి' అని రాశాను. నెల తర్వాత ఆయన వచ్చారు. అదే పలక. మళ్ళీ అదే వాక్యం రాశాను. మూడోసారీ అంతే. జాగ్రత్తగా ఉన్నానని నాకు నేను చెప్పుకున్నాను. సారు వచ్చాక చూసుకుంటారులే అనుకున్నాను.

సారు వచ్చిన వారానికి, పేరుకుపోయిన మూడు నెలల స్లైడ్లలో అయ్యవారివి ఇంకా చూడకముందే, ఆయన్ను మంచం మీద తెచ్చారు. కళ్ళు పచ్చగా, పెదాలు తెల్లగా, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. కామెర్లనుకుని పూతలపట్టు దగ్గర ఎవరో పసరు పోస్తారంటే పోయి, పది రోజులు అది తాగుతూ కూర్చున్నారు. అవి కాలేయం వల్ల వచ్చిన కామెర్లు కావు. ఆ జబ్బులో కొందరికి దారితప్పిన లింఫోసైట్లు పెరగడంతో ఆగవు. వంటి కాపలా మొత్తం గాడి తప్పి, సొంత ఎర్రకణాల మీదే విరుచుకుపడుతుంది. అవి పగిలినా కళ్ళు పచ్చబడతాయి. క్యాన్సరూ, తన ఒంటిని తనే తినే జబ్బూ, రెండూ ఒకే మనిషిలో. నెత్తురు ఎక్కిద్దామని చూస్తే బ్లడ్ బ్యాంకులో ఏ సీసా నెత్తురూ కలవలేదు, ఎవరి రక్తాన్నైనా ఆయన ఒళ్ళు కాదంటోంది. ఆ రెండు రోజులు నేను వార్డుకూ ల్యాబుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో! గంటగంటకూ మెట్లెక్కి పోయి, ఆయన ఛాతీ కదులుతోందా అని గుమ్మం దగ్గరే నిలబడి చూసి వచ్చేవాణ్ణి.

స్టెరాయిడ్లతో మూడో రోజుకు నిలదొక్కుకున్నారు.

అప్పుడు సారు కొత్తగా నేర్చుకున్న పరీక్ష పెట్టారు. దానికి గొర్రె నెత్తురు కావాలి. గొర్రె ఎర్రకణాలు టి జాతి లింఫోసైటు చుట్టూ పూరేకుల్లాగా అతుక్కుంటాయి, బి జాతిని ముట్టుకోవు. పొద్దున్నే కబేళాకు సీసా పట్టుకుని పోయాను. మా అమ్మకు తెలిసి, ఇంటికి వచ్చినప్పుడు గుమ్మంలోనే బిందెడు నీళ్ళు పెట్టి నిలబడింది. పరీక్షలో పువ్వులు ఎక్కడో ఒకటీ అరా తప్ప కనిపించలేదు. లింఫోసైట్లన్నీ ఒకే జాతివి. ఇన్‌ఫెక్షన్ అయితే అలా ఉండదు.

సారు నా మూడు రిపోర్టులూ పక్కపక్కన పరిచారు. "ముందు లేనిదాన్ని రాసినావు. ఇప్పుడు ఉన్నదాన్ని రాయకుండా పోయినావు. ఏమప్పా ఇది?"

"భయమేసింది సార్. నగరి ఆడమనిషి గుర్తొచ్చి."

"భయపడితే నాకు ఒక కార్డు రాయాల. మద్రాసు యాడో లేదు కదా? నీ భయం ఆ ముసలాయనతో పసరు తాగించింది."

ఈసారి దాచదలచుకోలేదు. అయ్యవారు లేచి కూర్చోగలిగిన రోజు వార్డుకు పోయి, మంచం పక్కన నిలబడి అంతా చెప్పాను. మూడుసార్లు చూశాను, తెలిసింది, రాయలేదు అని.

"మా బళ్ళో గూడా ఇట్లాంటోళ్ళు ఉండేవోళ్ళబ్బా. తప్పవుతాదని ఖాళీ కాగితం ఇచ్చేసేవోళ్ళు. తప్పు రాస్తే దిద్దొచ్చు. ఖాళీ కాగితాన్ని ఏం దిద్దేది?" అన్నారు. తర్వాత, "ముందే తెలిసుంటే మాత్రం మందుండేదా దీనికి?" అని అడిగారు.

"పెద్దగా ఉండేది కాదంట సార్. కానీ పసరు తాగకుండా నేరుగా ఈడికొచ్చేవోళ్ళు."

"అయితే సరే. కూర్చో" అన్నారు. ఆయన ఇంకో నాలుగేళ్ళు బతికారు. వచ్చినప్పుడల్లా నా దగ్గరే వేలు చాపేవారు.

చెప్పిన రోజు

అయ్యవారి దగ్గర అంత సులువుగా బయటపడడంతో నాకు ధైర్యం వచ్చింది. కుప్పమ్మ మూడు నెలలకోసారి పరీక్షకు వస్తూనే ఉంది. పదేళ్ళు దాటింది. మందులతో ముఖం గుండ్రమైంది, వేళ్ళు కాస్త వంగాయి, అయినా ఏకాంబరం పక్కన కూర్చుని నూలు చుట్టి పెడుతోంది. వచ్చిన ప్రతిసారీ నా స్టూలు దగ్గరే కూర్చునేది. "మీ చెయ్యి తేలిక సార్" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఏం చెయ్యాలో తోచేది కాదు.

ఒక పొద్దున జనం పలచగా ఉన్నప్పుడు, వేలు తుడిచి దూది పెట్టాక, చెప్పేశాను. మొదటి రిపోర్టు నేనే రాశాననీ, చెడిపోయిన నెత్తురు, పనికిరాని నీళ్ళు అనీ, సారు చూసేదాకా ఆగి ఉండాల్సిందనీ. అది లేకపోతే డాక్టరమ్మ అలా చేసేది కాదనీ.

కుప్పమ్మ దూదిని గట్టిగా నొక్కి పట్టుకుంది. ఏడవలేదు. "అది ఆడబిడ్డో మొగబిడ్డో గూడా సెప్పలేదు నాకు," అంది.

నేను సూదిని పళ్ళెంలో పెట్టాను.

"ఇన్నేండ్లూ సూస్తానే ఉండావు. ఈ పొద్దెందుకు సెప్పినావు సార్?"

"చెప్పకుండా ఉండలేకపోయినానమ్మా."

"నువ్వు ఉండలేక సెప్పినావు. నేనేం జేసేది ఇప్పుడు? ఆ పొద్దు సెప్పుంటే ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని. మా ఆయన వచ్చి నీ సొక్కా పట్టుకునేవోడు. ఇప్పుడాయనకు తువ్వాలిచ్చినానని ఒక సంతోషం ఉండాది. అది గూడా తీసేసేదా? సెప్పు."

"మీ ఇష్టమమ్మా."

"గమ్మునుండు సార్. నా ఇష్టం యాడుంది ఇందులో?" అని, చీటీ తీసుకుని లేచిపోయింది.

ఆమె ఏకాంబరానికి చెప్పిందో లేదో నాకు తెలియదు. అతను ఆ తర్వాత ఎప్పుడు కనిపించినా అలాగే నమస్కారం పెట్టేవాడు. ఆమె చెప్పలేదనే అనుకుంటున్నాను. నేను దించుకున్నది ఆమె ఒక్కతే మోస్తోందని కూడా అనుకుంటున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదే. తప్పు చేస్తారు, అందరూ చేస్తారు. చేసినప్పుడు ఆ రోజే చెప్పండి. ఎదుటి మనిషికి కోపం తెచ్చుకునే హక్కు ఉన్నప్పుడే చెప్పండి. ఆలస్యమయ్యాక చెప్పేది మన కోసం చెప్పుకునేదే.

మూడు నెలలకు కుప్పమ్మ మళ్ళీ వచ్చింది. నా స్టూలు దగ్గర ఇంకెవరూ లేరు. ఆమె నేరుగా పక్కన పనిచేసే రాజేశ్వరి దగ్గరికి పోయి వేలు చాపింది. నేను తల వంచుకుని నా పని చేసుకున్నాను. ఆమె వెళ్ళాక రాజేశ్వరి వచ్చింది.

"సార్, ఆయమ్మ ఒక మాట చెప్పి పోయింది. ఇంక మీదట తన స్లైడును ఇద్దురు చూడాలంట. ఇద్దురూ సంతకం పెట్టాలంట. ఒక్కరే చూస్తే ఒప్పుకోదంట. ఏం చేసేది?"

"పెడదాం," అన్నాను.

సారుకు చెప్పాను. ఆయన "ఆమె ఒక్కదానికే ఎందుకు?" అన్నారు. ఆ వారం నుంచి మా ల్యాబులో లింఫోసైట్ల మీద అనుమానం రాయాల్సిన ప్రతి స్లైడునూ ఇద్దరం విడివిడిగా చూసి, రెండు సంతకాలు పెట్టడం మొదలైంది. ఒకరు రాసింది ఇంకొకరికి చూపించకూడదు. రెండూ కలవకపోతే రిపోర్టు కదలకూడదు. నాకు తెలిసి ఆ తర్వాత మా దగ్గరనుంచి అలాంటి తప్పు ఒకటి కూడా బయటికి పోలేదు. ఆ నియమం ఎవరు పెట్టారని కొత్తవాళ్ళు అడిగితే సారు పెట్టారని చెప్పేవాళ్ళం. పెట్టింది కుప్పమ్మ.

నేను రిటైరయ్యే నాటికి కూడా ఆమె వస్తూనే ఉంది. నాతో మాట్లాడలేదు.